సాగనిదే పెరగని కణము

వెల్దుర్తి నుండి వచ్చు మా విద్యార్థి యొకడు నిరుడు ట్రాక్టరుపై నుండి పడి చేయి విరుగగొట్టుకొన్నాడు. కట్టు విప్పిన పిదప ఆ చేయి సన్నబడుట చూచి, “రెండు చేతులకూ తిండి ఒక్కటే గదా సార్, ఇదొక్కటే ఎందుకు చిక్కిపోయింది?” అని మమ్ము అడిగినాడు. తెలుగు బోధించు మమ్మెందుకు అడిగెనో! కణములోని భాగముల పేర్లన్నియు అతనికి కంఠస్థమే. తన చేతి సంగతి మాత్రము తెలియదు. గోడపటమునే కణమని నేర్పుచున్న మన పద్ధతిలోనే లోపమున్నదని మా అభిప్రాయము.

పటములోని కణము కదలదు. దేహములోని కణము నిరంతరము లాగబడుచు, నొక్కబడుచు ఉండును. 1999లో అమెరికాలో లారా నిక్లాసన్ బృందము, జంతువుల ధమనుల నుండి తీసిన నునుపు కండర కణములను, క్రమముగా కరిగిపోవు పోగులతో చేసిన గొట్టములపై ఎనిమిది వారములు పెంచినది. కొన్ని గొట్టములను, గర్భస్థ శిశువు గుండె వలె, నిమిషమునకు 165 సార్లు సాగదీసిరి; కొన్నిటిని ఊరక వదలిరి. సాగినవి దళసరి గోడలతో గట్టి రక్తనాళములైనవి. సాగనివి బలహీనముగా మిగిలినవి. మా విద్యార్థి ప్రశ్నకు సగము జవాబు ఇక్కడనే దొరకినది. (చేతి కండరమునకు నరముల ఆజ్ఞయు కావలెను, అది మిగిలిన సగములోనిది.) ఇట్లు పెంచిన రక్తనాళమును కాలు చేతుల గాయములకు వాడుటకు 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించినది.

లాగుడు కణమునకెట్లు తెలియును? 2010లో ఆర్డెం పటపౌటియన్ బృందము, సన్నని గాజునాళికతో పొడిచినపుడు విద్యుత్ స్పందన చూపు కణములలో జన్యువులను ఒక్కొక్కటిగా మూయుచు పోగా, 72వ దానివద్ద కణము మొద్దుబారినది. అదియే పీజో 1. కణత్వచము సాగగానే ఈ ద్వారము తెరచుకొని కాల్షియము లోనికి ప్రవేశించును. కణమును పరిసరములకు అంటిపెట్టు ఇంటెగ్రిన్లు, లోపలి ఆక్టిన్ పోగులు కూడ ఆ లాగుడును కేంద్రకము వరకు చేరవేయును. లాగుడు అతియైనచో కీడే. అధిక రక్తపోటులో నాళపు గోడలు దళసరి యగుట ఇట్టి స్పందనయే. పటపౌటియన్ లెబనాన్ యుద్ధమును తప్పించుకొని 1986లో అమెరికా చేరిన యువకుడు. 2021లో నోబెల్ బహుమతి పంచుకొన్నాడు. మన పిల్లలు ఈ మాట గమనింతురు గాక.

కణములను సాగదీయు యంత్రములు కొనుమని కమిటీవారిని మేము కోరుట లేదు. జంతుశాస్త్ర తరగతిలో ఈ ప్రశ్నకు ఒక గంట, అదియు తెలుగులోను ఉర్దూలోను, కోరుచున్నాము. కట్టు విప్పిన విద్యార్థి రెండు చేతుల చుట్టుకొలతను వారము వారము కొలిచి బోర్డుపై వ్రాయవచ్చును. దర్జీ టేపు మేమే తెత్తుము.