చలికాలంలో పెరటి కొలను: మూయడమా, నడపడమా?

దీపావళి ప్రమిదలు అటకెక్కించామో లేదో, ఫోన్లు మొదలయ్యాయి. "మీరు పాతకాపులు గదండీ, చలికాలంలో స్విమ్మింగ్ పూలు ఏం చేస్తారు? మూసేస్తారా, నడుపుతారా?" అని. ఈ రెండేళ్ళలో ప్లేనో, ఫ్రిస్కో వైపు ఇళ్ళు కొన్న మన కుర్రవాళ్ళలో చాలామంది న్యూజెర్సీ నుంచో, మిషిగన్ నుంచో దిగినవారు. ఇల్లు చూడడానికి వచ్చిన రోజున పెరట్లో నీలంగా మెరుస్తున్న నీళ్ళు చూసి, అక్కడే మురిసిపోయి సంతకాలు పెట్టారు. ఇప్పుడు పికాన్ చెట్టు ఆకులన్నీ ఆ నీళ్ళలోనే రాలుతుంటే సంగతి తెలిసొస్తోంది. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి గొంతు పోయింది కనుక ఈ నెల శీర్షిక దీనికే. వంకాయ నారు సంగతి వచ్చే నెల చెప్పుకుందాం.

మా బావగారు ఎడిసన్‌లో ఉంటారు. సెప్టెంబరులో లేబర్ డే వెళ్ళగానే ఆయన కొలను మూసేస్తారు. నీటిమట్టం స్కిమ్మరు కిందికి దించుతారు. గొట్టాల్లో మిగిలిన నీరంతా గాలి కొట్టి బయటికి ఊదించి, రబ్బరు బిరడాలు బిగించి, గులాబీరంగు యాంటీఫ్రీజు పోస్తారు (కారులో పోసేది కాదు సుమండీ, అది విషం). పంపు, ఫిల్టరు, హీటరు ఖాళీ చేసి, పైన కవరు పరిచి, మళ్ళీ మే నెల దాకా దానివంక చూడరు. అక్కడ అదే పద్ధతి. ఆ చలికి ఇంకో దారి లేదు. ఫ్లోరిడాలో ఉన్న మన మిత్రులకు అసలీ ప్రశ్నే పుట్టదు. ఎటొచ్చీ మన టెక్సాస్ అటూ కాదు, ఇటూ కాదు. జనవరిలో ఒక రోజు 75 డిగ్రీలు, చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతాం. మర్నాడు 25.

ఈ ఊరొచ్చిన రెండో ఏట బావగారు ఫోన్లో చెప్పినది చెప్పినట్టు చేసి నేనూ మూశాను. ఆయన పెద్దవారు, పైగా సివిల్ ఇంజనీరు, కాదనలేకపోయాను. మార్చిలో కవరు తీస్తే లోపల మా ఊరి చెరువు కనిపించింది. అదే రంగు, అదే వాసన, రెండు కప్పలతో సహా. మా ఆవిడ ఒడ్డున నిలబడి, "ఏమండీ, తామరలు వేద్దామా?" అంది. కారణం తర్వాత తెలిసింది. ఇక్కడ ఫిబ్రవరిలోనే నీరు 60 డిగ్రీల వైపు వెళ్తుంది. నీరు కదలక, క్లోరిన్ లేక, కవరు కింద వెచ్చగా ఉంటే నాచుకు అంతకంటే ఏం కావాలి? దానికి తోడు లైవ్ ఓక్ చెట్లు అందరిలాగా శరదృతువులో కాక వసంతంలో ఆకు రాలుస్తాయి. ఆ నీరు తేటపడడానికి పట్టిన రోజులు, పోసిన క్లోరిన్ లెక్క వేస్తే చలికాలమంతా పంపు నడిపినా అంత అయ్యేది కాదు.

పంపు నడిపితే కరెంటు ఎంతవుతుందని అడుగుతున్నారు. నా పాత పంపు ఒకటిన్నర హార్స్‌పవరు. రోజుకు ఎనిమిది గంటలు తిరిగితే పన్నెండు యూనిట్లు తినేది. యూనిటు 15 సెంట్ల చొప్పున నెలకు 54 డాలర్లు. ఇప్పుడు పెట్టించినది వేగం తగ్గించుకోగల రకం. చలికాలంలో నెమ్మదిగా తిప్పితే రోజుకు రెండు రెండున్నర యూనిట్లతో సరిపెడుతుంది, నెలకు పది పదకొండు డాలర్లు. చల్లని నీటికి క్లోరిన్ కూడా కొంచెమే కావాలి. ఉప్పుతో క్లోరిన్ తయారుచేసే యంత్రాలు మాత్రం నీరు బాగా చల్లబడితే పని మానేస్తాయి. అప్పుడు సీసాలో దొరికే క్లోరిన్ కాస్త పోసుకోవాలి.

"ఈ గొడవంతా ఎందుకు, మొత్తం నీరు తోడేస్తే పీడా పోతుంది గదా" అని ఒక డాక్టరుగారు అడిగారు. ఆ పని మాత్రం చేయకండి. వానలకు చుట్టూ ఉన్న నేలలో నీరు ఊరి కింద నుంచి పైకి తోస్తుంది. లోపల నీటి బరువు లేకపోతే సిమెంటు తొట్టి మొత్తం లేచి పగిలే ప్రమాదం ఉంది.

ఇంతవరకూ చదివినవారు "అయితే నడపడమే" అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని పదేళ్ళు హాయిగా ఉన్నాను. పంపు పక్కనే చిన్న యంత్రం ఉంటుంది. గాలి చల్లబడి 38 డిగ్రీలకో 36కో దిగగానే అదే పంపును నడిపిస్తుంది, ఎవరూ లేచి చూడనక్కర్లేదు. మా కొలనులో 18,000 గ్యాలన్లు, అంటే 68 టన్నుల నీరు. అంత నీటిలో దాగిన వేడి తక్కువేం కాదు. అది గొట్టాల్లో తిరుగుతున్నంతసేపూ అవి గడ్డకట్టవు. ఆ ఏర్పాటంతా కరెంటు మీద నిలబడి ఉందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

2021 ఫిబ్రవరి 14, ఆదివారం. ఇక్కడ అంతా మంచు కురిసింది. అప్పుడు మా అమ్మాయి, అల్లుడు, ఐదేళ్ళ మనవరాలు మా ఇంట్లోనే ఉన్నారు. పడుకునేముందు కిటికీలోంచి చూస్తే పంపు తిరుగుతోంది, నీరు కదులుతోంది. తృప్తిగా పడుకున్నాను. రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో ఎర్కాట్ వారు రాష్ట్రమంతటా కరెంటు తీయించడం మొదలుపెట్టారు. రెండింటికి ఇంటి హీటరు చప్పుడు ఆగి నాకు మెలకువ వచ్చింది. "విడతలవారీగా తీస్తారట, గంటలో వస్తుందిలే" అని దుప్పటి ముసుగు పెట్టుకున్నాను.

తప్పు జరిగింది అక్కడే. లేచి పది నిమిషాలు పని చేసి ఉంటే సరిపోయేది.

కరెంటు ఆ గంటలో రాలేదు, ఆ రోజూ రాలేదు. గ్యాసు బావులు, గొట్టాలు గడ్డకట్టి, విద్యుత్ కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. టెక్సాస్ గ్రిడ్ పక్క రాష్ట్రాలతో పెద్దగా కలవని విడి కాపురం కనుక అటునుంచి తెచ్చుకోగలిగింది కొంచెమే. 45 లక్షల ఇళ్ళు, వ్యాపారాలు చీకట్లో ఉన్నాయి. ఇంకో ఐదు నిమిషాల లోపే గ్రిడ్ మొత్తం కూలిపోయి ఉండేదని తర్వాత అధికారులే చెప్పారు. 16వ తేదీన డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో మైనస్ 2 డిగ్రీల ఫారన్‌హీటు. 1949 తర్వాత ఇక్కడ అంత చలి లేదు. హ్యూస్టన్‌లో కూడా 13కు దిగింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది పోయారు. అందులో మన పంపులు, ఫిల్టర్లు ఎంతనండీ అనిపిస్తుంది. నిజమే. కానీ ఆ పంపు గోలలో పడి నేను చేసిన ఇంకో తప్పు చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

సోమవారం మధ్యాహ్నం పెరట్లో పంపు దగ్గర కూర్చున్నాను. పంపు మూత అప్పటికే చిట్లింది. అగ్గిపుల్లతో గ్యాసు పొయ్యి వెలిగించి మా ఆవిడ కాచి ఇచ్చిన వేడినీళ్ళు ఫిల్టరు మీద పోస్తున్నాను, అది ఏ మాత్రం ఉపయోగమో దేవుడికే తెలియాలి. వెనక్కి తిరిగి లేను. వంటింటి కిటికీ దగ్గర నుంచి మా ఆవిడ కేక విని తిరిగి చూస్తే, మనవరాలు ఎర్ర బూట్లు వేసుకుని కొలను అంచున నిలబడి ఉంది, ఒక కాలు మంచుగడ్డ మీద. సినిమాలో రాకుమారి మంచు మీద నడవడం చూసింది గదా. కెటిలు పారేసి పరుగెత్తాను. నేను చేరేలోపే గడ్డ విరిగి కాలు మోకాలి దాకా దిగింది. కోటు టోపీ చేతికి దొరికింది. లాగేశాను. అంతే. బూటు మాత్రం నీళ్ళలోకి పోయింది. వారం చివర మంచు కరిగాక అడుగున ఎర్రగా కనబడింది.

పెరటి తలుపుకు అలారం ఉంది. ఇంటి కరెంటుతో నడిచేది. లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, నేను మార్చలేదు. ఆ సాయంత్రం మా అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది.

ఈ దేశంలో ఒకటి నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల మరణాలకు మొదటి కారణం నీటిలో మునగడం. చలికాలంలో ఎవరూ ఈదరు గనుక మనకు ఆ భయమే ఉండదు, తలుపు గడియ కూడా అశ్రద్ధ చేస్తాం. "అయితే మూసేయడమే మేలు" అన్నారు బావగారు. ఇక్కడ ఒక తిరకాసుంది. మూయడం వేరు, కప్పడం వేరు. చవకరకం టార్పాలిన్ పరిచి అంచుల్లో నీళ్ళ సంచులు పెడితే, దానిమీద వాననీరు నిలిచి, గట్టినేలలా కనిపించి, పిల్లవాడు అడుగు వేస్తే గుడ్డతో సహా లోపలికి పోతాడు, పైకి ఆనవాలు కూడా కనిపించదు. అంతకంటే కప్పని కొలనే నయం. గట్టు సిమెంటులో కొక్కేలు దిగేసి బిగించే భద్రతా కవర్లు ఉంటాయి, మనిషి బరువు ఆపుతాయి. నీళ్ళు దిగే వల రకం వేసుకుంటే దాని కింద పంపు కూడా నడుపుకోవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో కొలను మూసినా నడిపినా అది వేయించండి, చుట్టూ కంచె, దానంతటది మూసుకునే తలుపు సరేసరి. ఖరీదు గురించి నాతో వాదించకండి.

ఇక పంపు సంగతి. నాకు పంపు, ఫిల్టరు, హీటరులో రాగి గొట్టాలు మూడూ పోయాయి. ఊరంతా అదే గతి కనుక సామాను దొరకలేదు. ఒక రిపేరు కంపెనీవారు ముందు డబ్బు పుచ్చుకుని ఏప్రిల్ దాకా మొహం చూపించలేదు. పేరెందుకులెండి. పక్కింటి టెక్సాస్ పెద్దాయనకు మాత్రం చిల్లిగవ్వ ఖర్చు కాలేదు. 1983 డిసెంబరు చలి చూసిన మనిషి ఆయన. వరుసగా 295 గంటలు గడ్డకట్టే చలి అప్పుడు. కరెంటు పోయిన అరగంటలో టార్చిలైటు నోట కరుచుకుని బిరడాలు తీసేశాడు. ఆయన దగ్గర నేర్చుకున్నది మీకు చెబుతున్నాను.

ముందు పంపు బ్రేకరు ఆపేయాలి. లేకపోతే కరెంటు వచ్చినప్పుడు ఖాళీ పంపు తిరిగి కాలిపోతుంది. హీటరు గ్యాసు కట్టేయాలి. ఫిల్టరు నెత్తిన ఉన్న గాలి మర విప్పాలి. పంపు అడుగున మామూలుగా రెండు బిరడాలుంటాయి, ఫిల్టరు అడుగున ఒకటి, హీటరుకు విడిగా. అన్నీ తీసి నీరు కారనివ్వాలి. తీసిన బిరడాలు పంపు బుట్టలోనే వేసి ఉంచండి, వసంతంలో వెతుక్కోనక్కర్లేదు. మీ పంపు కొలను నీటిమట్టం కంటే కింద ఉంటే ముందుగా అటునుంచి వచ్చే మరలు కట్టేయాలి, లేకపోతే కొలనంతా దానిగుండా కారుతుంది. స్కిమ్మరులో నాలుగు గులకరాళ్ళు వేసి మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ సీసా నిలబెట్టండి. నీరు గడ్డ కడితే వందకు తొమ్మిది పాళ్ళు ఉబ్బుతుంది, ఆ ఒత్తిడి సీసా తీసుకుంటుంది. పైన గడ్డ కట్టిందని సుత్తితో కొట్టకండి.

కరెంటు ఉన్నంతవరకూ ఈ పనేదీ అక్కర్లేదు. పంపు ఆపకుండా, స్పా, జలపాతం, అన్ని గొట్టాల్లోనూ నీరు కదిలేట్టు మరలు సగం సగం తెరిచి వదిలేస్తే చాలు.

"ఇప్పుడు గ్రిడ్ బాగుచేశారు గదా" అంటారు మా అల్లుడుగారు. 2021లోనే చట్టం చేశారు, విద్యుత్ కేంద్రాలు చలికి తట్టుకునే ఏర్పాట్లు చేసుకోవాలని. 2022 డిసెంబరులోనూ, 2024 జనవరిలోనూ గట్టి చలి వచ్చినా రాష్ట్రమంతా కరెంటు తీసే అవసరం రాలేదు. సంతోషమే. కానీ 2023 ఫిబ్రవరిలో ఆస్టిన్‌లో గ్రిడ్‌కు ఏ లోపమూ లేకుండానే, మంచు పేరుకున్న కొమ్మలు తీగల మీద విరిగిపడి ఎన్నో ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. మన వీధిలో తీగకు ఆనుకుని ఎన్ని చెట్లున్నాయో అల్లుడుగారికి చూపించాను.

ఈ ఏడూ మేం మూయడం లేదు. మా ఆవిడ తీర్పు అది. చిన్నప్పుడు సొరకాయ బుర్రలు కట్టుకుని ఊరిబావిలో ఈత నేర్చిన మనిషి, "చలికాలమని బావి మూస్తారుటండీ?" అంటుంది. వల కవరు వేయించాం. తలుపు అలారంకు కొత్త బ్యాటరీ వేశాను, తేదీ దానిమీదే రాశాను. పంపు దగ్గర మేకుకు రెంచి, టార్చిలైటు వేలాడదీశాం.

డిసెంబరు మొదటి శనివారం ఉదయం పది గంటలకు మా పెరట్లో బిరడాలు తీసి పెట్టి చూపిస్తాను. చూడదలచినవారు రండి, మీ పంపు ఫొటో ఒకటి తెచ్చుకోండి, రకరకాలుగా ఉంటాయి. ఇడ్లీలు మా ఆవిడ బాధ్యత. ఎంతమంది వస్తారో ముందుగా ఫోను చేస్తే పిండి ఆ లెక్కన రుబ్బుతుందట.