బేసు వాయించినోడి పేరేదీ?

పోయిన నెల మా ఆఫీసు యాన్యువల్ డే అయిపోయాక అందరికీ థాంక్యూ మెయిలొచ్చింది. పాడినవాళ్ళు, లీడ్ గిటారు, డ్రమ్స్, కీబోర్డు, ఆఖరికి సమోసాలు తెప్పించిన అడ్మిన్ పేరు కూడా ఉంది. బేస్ గిటారు వాయించిన కుర్రాడి పేరు మాత్రం లేదు. మా లీడ్‌ని అడిగితే, "అవునా, స్టేజీ మీద రెండు గిటార్లున్నాయా?" అన్నాడు. అప్పట్నించీ ఈ టపా కడుపులో తిరుగుతోంది. కాస్త భరించండి :)

మా ముండ్లమూరు వైపు తిరునాళ్ళలో నా చిన్నప్పుడు పాటకచేరీ పెట్టేవాళ్ళు. నాన్న భుజాల మీద కూర్చుని చూసేవాణ్ణి. వెనకాల స్పీకరు బాక్సు పక్కన ఒకాయన నాలుగు తీగల గిటారు పట్టుకుని కదలకుండా నిలబడేవాడు. యాంకరమ్మ అందర్నీ పరిచయం చేసేది, ఆయన్ని తప్ప. ఒకసారి ఆయన ఆంప్లిఫయర్ ఆగిపోయింది. పాట ఆగలేదు గానీ, ముందు వరసలో గంతులేస్తున్న కుర్రాళ్ళు చల్లబడిపోయారు. ఎందుకో వాళ్ళకీ తెలీదు, నాకూ తెలీలేదు. పదేళ్ళ తర్వాత ఇంజనీరింగ్ హాస్టల్లో మంచి హెడ్‌ఫోన్స్ దొరికాక తెలిసింది.

అప్పుడు దొరికినవాడే డగ్ వింబిష్. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ ఊరివాడు, 1956లో పుట్టాడు. ఫంక్ వాయించుకునే కుర్రాడు. స్కిప్ మెక్‌డొనాల్డ్ గిటారు, కీత్ లెబ్లాంక్ డ్రమ్స్‌తో కలిసి న్యూజెర్సీలోని షుగర్ హిల్ రికార్డ్స్‌లో కంపెనీ బ్యాండుగా చేరాడు. అప్పటికి శాంప్లర్లు చవగ్గా దొరికేవి కావు. డీజేలు తిప్పే పాత రికార్డుల ముక్కల్ని స్టూడియోలో మనుషులే కూర్చుని మళ్ళీ వాయించాలి. అంటే రాప్ మొదటి రోజుల్లో జనం ఎగిరింది వీళ్ళ వేళ్ళ మీద! రికార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది మాత్రం రాపర్ల పేర్లు.

ఆ తర్వాత లండన్ వెళ్ళి ఏడ్రియన్ షేర్వుడ్‌తో కలిసి ఈ ముగ్గురూ టాక్‌హెడ్ పెట్టారు. 1987లో మిక్ జాగర్ సోలో ఆల్బమ్‌కి వాయించాడు. 1992లో లివింగ్ కలర్ అనే రాక్ బ్యాండులో చేరి 1993లో 'స్టెయిన్' ఆల్బమ్ చేశాడు. ఫంక్, రాప్, రాక్... మనమైతే జావా నుంచి డాట్‌నెట్‌కి మారినా రెజ్యూమెలో నాలుగు లైన్లు రాస్తాం.

"వాయించినందుకు డబ్బులిచ్చారుగా, ఇంక పేరెందుకు" అనే మేధావులకి ఒక కథ. 1979లో వచ్చిన 'రాపర్స్ డిలైట్' నిలబడింది షీక్ బ్యాండు 'గుడ్ టైమ్స్' బేస్ మీద. అది బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ కట్టింది. ఆయనా, నైల్ రాడ్జర్స్ కోర్టుకెళ్తామన్నాకే రచయితలుగా వాళ్ళ పేర్లు పడ్డాయి. 1983లో 'వైట్ లైన్స్'కీ అదే కథ. ఆ బేస్ లిక్విడ్ లిక్విడ్ బ్యాండులో రిచర్డ్ మెగ్వైర్‌ది. దాన్ని మళ్ళీ వాయించింది ఎవరనుకున్నారు? మన వింబిషే! నా అభిమాన నటుడి సినిమా ఫ్లాపైనట్టు బాధేసింది గానీ, నిజం నిజమే. గొడవ కోర్టుకెక్కింది. 80లు ముగిసేలోపు ఆ రెండు రికార్డు కంపెనీలూ మూతపడ్డాయి. ఆ బేస్ మాత్రం బతికే ఉంది, 1995లో డ్యూరాన్ డ్యూరాన్ వాళ్ళు మళ్ళీ పాడారు.

సరే, మన సంగతేంటి? ఇళయరాజా పాటల్లో బేస్ గురించి మనం రాత్రంతా మాట్లాడతాం. ఎన్నోవాటికి వాయించిన శశిధరన్ పేరు మనలో ఎంతమందికి తెలుసు? రహమాన్ ఆల్బమ్‌ల మీద వాయిద్యకారుల పేర్లు వేయించాడు కాబట్టి కీత్ పీటర్స్ అని ఒకాయన ఉన్నాడని తెలిసింది. కవర్ మీద చోటు లేదనడానికి ఇప్పుడు అసలు కవరే లేదు కదండీ. ఫోన్‌లో పాట తెరిస్తే హీరో మొహం, లేబుల్ పేరు, కాలర్ ట్యూన్ నంబరు. నాలుగు పేర్లు కలిపితే ఏ సర్వర్ కూలిపోద్ది?

మనం చిన్న లైబ్రరీ వాడుకున్నా లైసెన్స్ ఫైల్లో రాసినవాడి పేరు ఉంచుతాం. తీసేస్తే తప్పని మనకి తెలుసు. అదే మనం సాయంత్రం ఇంటికెళ్ళి, పాటలో బేస్ వినబడాలని వేలు పోసి వూఫర్ కొంటాం. వాయించినోడెవడో అక్కర్లేదు!

ఆ థాంక్యూ మెయిల్‌కి నేను రిప్లై ఆల్ కొట్టి ఆ కుర్రాడి పేరు రాశాను. మూడు వారాలైంది, ఒక్కరూ జవాబివ్వలేదు. వాడు మాత్రం క్యాంటీన్లో పట్టుకుని, "ఎందుకన్నా, బాగోదు" అన్నాడు.