ఖర్మ కాదు, వైరస్

బెలుం గుహల్లో కోటిలింగాల దగ్గరికి రాగానే చాలామంది చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. పైకప్పు నుంచి వేలాడే సున్నపు ముద్దలు నిజంగానే లింగాల్లా కనిపిస్తాయి. వాటి పుట్టుక వెనుక రహస్యమేమీ లేదు. వాననీరు గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని ఇంకుతుంది, దారిలో సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. గుహలోకి దిగి బొట్లుగా వేలాడేటప్పుడు ఆ సున్నాన్ని అక్కడే వదిలేస్తుంది. వేల ఏళ్లు గడిస్తే లింగం తయారు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు, 1980ల్లో జర్మనీకి చెందిన డేనియల్ గెబావర్ బృందం లోపలికి దిగి కొలతలు తీసింది. 3,229 మీటర్ల పొడవు లెక్క అలా వచ్చింది.

ఇంత తెలిశాక కూడా ఎవరైనా దండం పెట్టుకుంటే వచ్చే నష్టం లేదు. రాయి ఎవరి ప్రాణమూ తీయదు. కానీ కారణం తెలిసినా దాన్ని పక్కన పెట్టి దైవాన్నో, ఖర్మనో ముందుకు తెచ్చే అలవాటు గుహ దగ్గరే ఆగిపోదు. మనతో పాటు ఇంటికొస్తుంది, పడకగదిలోకి, బడిలోకి, ఆస్పత్రి వరండాలోకి వస్తుంది. హెచ్‌ఐవి విషయంలో ఆ అలవాటే ప్రాణాలు తీసింది.

హెచ్‌ఐవి వైరస్‌ను పారిస్‌లో 1983లోనే గుర్తించారు. మన దేశంలో తొలి కేసులను 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలొమన్ బృందం బయటపెట్టింది. అది సోకే దారులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: రక్షణ లేని లైంగిక సంబంధం, వైరస్ ఉన్న రక్తం, ఒకరు వాడిన సూది మరొకరు వాడటం, తల్లి నుంచి బిడ్డకు. ఒకే కంచంలో తింటే రాదు. పక్కన పడుకుంటే రాదు. దోమ కుట్టినా రాదు, ఎందుకంటే దోమ ఒంట్లో ఈ వైరస్ పెరగలేదు. ఇవన్నీ నలభై ఏళ్ల కిందటి పాఠాలు. అయినా 'ఏ జన్మలో చేసుకున్న పాపమో' అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. దీన్ని అమాయకత్వం అనుకుంటే పొరపాటు. ఈ నమ్మకం వల్ల కొందరికి సుఖముంది, అందుకే అది బతికుంది.

ఆ సుఖం ఎవరికో ఒక ఇంటి లెక్కలోంచి చూడొచ్చు. ఆ గుహలున్న ప్రాంతంలోనే, కొలిమిగుండ్ల, బేతంచెర్ల, బనగానపల్లె చుట్టుపక్కల నాపరాయి, సున్నపురాయి, సిమెంటు మీద వేల కుటుంబాలు బతుకుతాయి. లారీలు రోజుల తరబడి ఊళ్లు దాటి పోతాయి. ఇల్లు వదిలి నెలల తరబడి తిరిగే పనుల్లో ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువని ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం ఏళ్లుగా చెబుతోంది. అది నడవడి మీద తీర్పు కాదు, పని తీరును బట్టి వేసిన అంచనా. అలాంటి ఇంట్లో మగవాడు మంచాన పడి పోయాడనుకోండి. కోడలికి పరీక్ష చేస్తే ఆమెకూ ఉందని తేలుతుంది. ఆమె గడప దాటి ఎరుగదు. అయినా అత్తింటివాళ్లు అనేది ఒకే మాట: 'ఈ పిల్ల కాలు పెట్టిన వేళ మంచిది కాదు.' ఈ ఒక్క మాటతో చచ్చిపోయిన కొడుకు మచ్చ లేనివాడవుతాడు, ఆస్తిలో వాటా అడగాల్సిన మనిషి పుట్టింటికి పోతుంది. కర్మ సిద్ధాంతం ఇక్కడ వేదాంతం కాదు, ఆస్తి వ్యవహారం.

పెళ్లి సంబంధాల దగ్గరా ఇదే తంతు. 36 గుణాల్లో ఎన్ని కలిశాయో చూస్తారు, కుజదోషం ఉందేమోనని రెండు మూడు చోట్ల జాతకం చూపిస్తారు. ఎక్కడో కోట్ల మైళ్ల దూరంలో ఉన్న కుజుడి వల్ల మొగుడు చస్తాడేమోనన్న భయం ఉంది. రక్తంలో ఏముందో అడగడానికి మాత్రం నోరు రాదు. అడిగితే మర్యాద తప్పినట్టట. పెళ్లికి ముందు పరీక్ష బలవంతంగా చేయించాలని నేను అనడం లేదు. 2017 నాటి హెచ్‌ఐవి చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు. పైగా సోకిన కొత్తలో కొన్ని వారాలు పరీక్షకు దొరక్కపోవచ్చు, కాబట్టి ఒక్క కాగితం జీవితాంతం హామీ కాదు. ఇద్దరూ ఇష్టపడి వెళ్లి చేయించుకునే అలవాటు రావాలి, అంతే.

బస్టాండ్ల వెనక గోడలు చూడండి. 'బాల్యంలో చేసిన తప్పులు', 'పోయిన శక్తి', 'వివరాలు గోప్యంగా ఉంచబడును' అని రాసి ఉంటుంది. ఫోను నంబరు జానెడంత ఉంటుంది, వైద్యుడి చదువు భూతద్దం పెట్టినా కనబడదు. ఒక చుక్క వీర్యం నలభై చుక్కల రక్తంతో సమానమన్న పాత నమ్మకం మీద నడిచే వ్యాపారమిది. వీర్యం రక్తంలోంచి తయారు కాదు, పోతే నీరసించేదేమీ లేదు. ఈ సంగతి బడిలో ఎవరూ చెప్పలేదు కాబట్టి కుర్రాడు ఆ నంబరుకు ఫోను చేస్తాడు. ఇలాంటి ప్రకటనలను 1954లోనే చట్టం నిషేధించింది. ఎయిడ్స్ నయం చేస్తామని ఏ మందు పేరు మీదా చెప్పుకోకూడదనీ నిబంధన ఉంది. అయినా గోడలు ఖాళీగా లేవు. మన సిగ్గే వాళ్ల పెట్టుబడి.

మరి బడి ఏం చేస్తోంది? జీవశాస్త్రం పుస్తకంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. 'ఇది ఇంట్లో చదువుకోండి' అని పేజీలు తిప్పేసే మాస్టర్లూ ఉన్నారు. కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో కర్ణాటక, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు సంస్కృతి పేరు చెప్పి అడ్డుకున్నాయి. చెబితే పిల్లలు చెడిపోతారన్నది వాదన. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసి యునెస్కో తేల్చింది దీనికి విరుద్ధం: లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడటం లేదు, కొన్నిచోట్ల ఆలస్యమే చేస్తున్నారు, జాగ్రత్త పెరుగుతోంది.

ఏ సంస్కృతి గురించి ఈ బెంగ? కర్నూలు, అనంతపురం, బళ్లారి ప్రాంతాల్లో ఆడపిల్లను బసివినిగా దేవుడికి వదిలిన ఆచారం మనదే. తెలంగాణలో జోగిని, చిత్తూరు వైపు మాతమ్మ. దేవుడి పేరు చెప్పి ఊరి మగవాళ్లకు అప్పగించిన పిల్లకు 'నిరోధ్ వాడు' అని అడిగే హక్కు ఉంటుందా? ఈ ఆచారాలను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చింది. సంస్కృతి పేరుతో శరీరాన్ని వాడుకోవచ్చు గానీ దాని గురించి పాఠం చెప్పకూడదనడం ఏ నీతి?

చెప్పినవాళ్లు లేకపోలేదు. నాస్తికవాది గోరా 1940లో నెలకొల్పిన నాస్తిక కేంద్రం గ్రహణం వేళ గర్భిణులను బయటికి తెచ్చి, బిడ్డకేమీ కాదని నిరూపించింది. ఆయన కొడుకు డాక్టర్ సమరం 'స్వాతి' వారపత్రికలో ఏళ్ల తరబడి లైంగిక సందేహాలకు జవాబులు రాశారు. తెలుగిళ్లు వాటిని చదివాయి. కాపురాలేమీ కూలిపోలేదు.

ఇప్పుడు వైద్యం దగ్గర కొరత లేదు. హెచ్‌ఐవిని అదుపులో ఉంచే ఏఆర్‌టి మందులను ప్రభుత్వం 2004 నుంచి ఉచితంగా ఇస్తోంది. చాలామందికి రోజుకొక మాత్రతో సరిపోతుంది. మందు మానకుండా వాడి, రక్తంలో వైరస్ లెక్కకు దొరకనంత తగ్గితే లైంగికంగా అది ఇతరులకు సోకదు. మందు లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం, సరైన చికిత్సతో 5 శాతం లోపు. అయినా వయోజనుల్లో హెచ్‌ఐవి శాతం ఆంధ్రప్రదేశ్‌లో దేశ సగటు కంటే చాలా ఎక్కువ. మందు ఊరిదాకా వచ్చింది, మనిషి దాని దాకా పోవడం లేదు. నలుగురూ చూస్తారన్న భయం ఆపుతోంది.

కాబట్టి మాస్టరుగారూ, ఆ పాఠం చెప్పండి. అమ్మానాన్నలూ, పిల్లలు అడిగితే కసరకండి. పెళ్లి కుదిరిన వాళ్లూ, ఇద్దరూ కలిసి వెళ్లండి. ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్ష ఉచితం, ఫలితం రహస్యంగా ఉంచాలని చట్టమే చెబుతోంది. సందేహముంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోను చేయండి. దీనికి ముహూర్తం అక్కర్లేదు.