చరిత్ర చదివినోడికి పనేదీ?



"చచ్చిన రాజుల లెక్కలు చదివితే కూడెవడు పెడతడురా?" చరిత్రలో బి.ఎ. పాసై ఊళ్ళోకొచ్చిన మాల మాదిగ పిల్లల మీద అరుగుల మీంచి పడే మాట ఇది. మేమూ పడ్డాం. మా ఇంట్లో మాదే మొదటి పట్టా.

మా దగ్గర చదివిన పిల్లవాడొకడు ఎం.ఎ.కు పోవాలనుకున్నాడు. ఒక్క ఏడాది పనిచేసి నాలుగు రూపాయలు కూడబెట్టుకుంటానని పట్నంలో గోదాముకు పోయాడు. మూడేళ్ళయింది. గది కిరాయి, ఇంటి అప్పు, చెల్లె పెళ్ళి. ఇంకా బస్తాలే లెక్కపెడుతున్నాడు. ఆడపిల్లలకైతే ఆ ఏడాదే పెళ్ళి చేసేస్తున్నాం. ఉన్నోళ్ళ పిల్లలకు ఆ ఏడాది కోచింగు, మన పిల్లలకు గండం. ఇది తెలివిలో తేడా కాదు, తిండిలో తేడా!

పనిచేసి చదవడం తప్పని మేం అనడం లేదు. బరోడా స్కాలర్‌షిప్పు గడువు తీరి బాబాసాహెబ్ అంబేద్కర్ 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి వచ్చాడు. బరోడాలో కొలువు చేస్తే పార్సీ సత్రం నుంచి తరిమారు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. జీతంలో మిగిల్చుకున్నది, కొల్హాపూర్ శాహూ మహారాజ్ సాయం, మిత్రుడి అప్పు కలుపుకొని 1920లో మళ్ళీ లండన్ పోయాడు. ఆ పని ఆయన చదువును మింగలేదు, మోసింది.

అట్లాంటి పని మన వాడల్లో లేదా? బోలెడుంది! పేదల అసైన్డు భూమి చేతులు మారొద్దని 1977లో చట్టం వచ్చింది. అయినా మారింది. 1954-55 ఖాస్రా పహాణీ నుంచి వరసగా చూసి, మనోడి పేరు ఏ ఏడాది మాయమైందో చెప్పేదెవరు? 2005 సమాచార హక్కు చట్టం కింద నకళ్ళు అడిగేదెవరు? పాత కాగితం చదవడం, సాక్ష్యం తూచడం చరిత్ర విద్యార్థి నేర్చిన విద్యే కదా! మన ముసలమ్మలు చెప్పే వెట్టి కథలు రాసిపెట్టాలి. 1906లో భాగ్యరెడ్డి వర్మ జగన్ మిత్రమండలి పెట్టిన సంగతి వాడ పిల్లలకు చెప్పాలి.

ఒక్కమాట సూటిగా అంటాం, కోపం తెచ్చుకోకండి. ఈ పనులు చదువుకున్న పిల్లలతో మనం ఊరికే చేయించుకుంటున్నాం. దొర చేయించుకుంటే వెట్టి, మనం చేయించుకుంటే సేవనా? ఫ్లెక్సీలకు, మైకులకు, దండలకు పుట్టే చందా వాళ్ళ కూలికి పుట్టదా?

స్కాలర్‌షిప్పుల కోసం సర్కారుతో కొట్లాట ఎట్లాగూ తప్పదు. మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. ఏప్రిల్ 14 చందాలో సగం పక్కనపెట్టండి. మండలానికి ఒక్కరిని, పిల్లవాడైనా పిల్లైనా, ఏడాది పనికి పెట్టుకోండి. నెలనెలా కూలి ఇవ్వండి. ప్రవేశపరీక్షకు చదువుకోను రోజూ రెండు గంటలు విడవండి. ఏడాది తిరగ్గానే "ఇంకొన్నాళ్ళుండు" అనకండి. బస్సెక్కించి యూనివర్సిటీకి పంపండి.

మన చరిత్ర రాయాల్సిన చెయ్యి బస్తాల కింద నలగొద్దు!

జై భీమ్!