ఉత్తుత్తి రోడ్లు... అసలు లెక్కలు

సిగ్నల్ లేదు, యాక్సిడెంటు లేదు, రోడ్డు మీద గుంత కూడా లేదు. అయినా బండ్లన్నీ ఆగిపోతాయి. పది నిమిషాలు పాక్కుంటూ వెళ్లి చూస్తే అక్కడ అడ్డం ఏమీ ఉండదు! మరి ఇంతసేపూ ఎందుకు ఆగినట్టు?

నాగెల్, ష్రెకెన్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1992లో దీన్ని కంప్యూటర్లో పట్టుకున్నారు. రోడ్డును వైకుంఠపాళి పటంలా గళ్లుగా విడగొట్టారు. గడికో కారు. వీలుంటే వేగం పెంచాలి. ముందు బండి దగ్గరైతే తగ్గించాలి. అప్పుడప్పుడూ ఏ కారణం లేకుండానే కాస్త బ్రేకు వేయాలి. ఆ వేగంతో ముందుకు జరగాలి. సూత్రాలు ఇంతే! కీలకమంతా ఆ మూడోదానిలోనే. రోడ్డు నిండుగా ఉన్నప్పుడు ఒకాయన ఊరికే బ్రేకు తొక్కితే, వెనకాయన ఇంకాస్త గట్టిగా తొక్కుతాడు, ఆ వెనకాయన ఆగే పోతాడు. జపాన్ పరిశోధకులు 230 మీటర్ల గుండ్రటి దారిలో 22 కార్లను నిజంగానే తిప్పి చూసి, 2008లో ఫలితం ప్రకటించారు. కాసేపటికి జామ్ దానంతటదే పుట్టింది.

ట్రాఫిక్ సిమ్యులేషన్ అంటే ఇదే. ఫ్లైఓవర్ కట్టాలా, బస్సులకు విడిగా దారి ఇవ్వాలా అన్నది కోట్లు పోయకముందే తెర మీద ఆడించి చూసుకోవచ్చు. బాగోకపోతే చెరిపేయొచ్చు. సిమెంటును అలా చెరపలేం కదా!

అయితే కంప్యూటర్ మనం అడిగినదానికే జవాబు చెబుతుంది. ఢిల్లీలో జరిగింది చూడండి. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల మేర 2008లో రోడ్డు నడిమధ్య బస్సులకు ప్రత్యేక వరుస ఇచ్చారు. కార్లవాళ్లు మండిపడ్డారు. వ్యవహారం హైకోర్టుకెక్కింది. 2012లో కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ కొన్నాళ్లపాటు ఆ వరుసలోకి మిగతా వాహనాలనూ వదిలి చూసింది, సిమ్యులేషనూ చేసింది. ప్రత్యేక వరుస లేకపోతేనే మేలని తేల్చింది.

లెక్కపెట్టింది బండ్లనా, మనుషులనా అని విమర్శకులు నిలదీశారు. సరైన ప్రశ్నే. మన రోడ్ల ఇంజినీర్ల లెక్కలో బస్సంటే సుమారు మూడు కార్లతో సమానం. అది రోడ్డు మీద ఆక్రమించే చోటుకు కట్టిన విలువ. లోపల కూచున్నవాళ్లూ, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లూ కలిపి యాభై అరవై మంది ఆ లెక్కలోకి రారు. కారులో ఒంటరిగా వెళ్లే పెద్దమనిషి మాత్రం నిండుగా ఒక అంకె! బస్సు వరుసకు వ్యతిరేకంగా వేసిన పిటిషన్‌ను హైకోర్టు 2012 అక్టోబరులో కొట్టేసింది. అయినా 2016లో ఆ వరుసను తవ్వి పారేశారు.

మనకు ఇంకో చిక్కూ ఉంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు చాలామటుకు వరుస తప్పకుండా నడిచే దేశాల్లో పుట్టినవి. రెండు బస్సుల సందులోంచి దూరిపోయే స్కూటరునూ, ప్రయాణికుడు చెయ్యెత్తగానే నిలిచిపోయే ఆటోనూ వాటికి నేర్పాలి. ఎడంచేత్తో సంచీ, కుడిచేత్తో పిల్లాణ్ని పట్టుకుని రోడ్డు దాటే తల్లినీ చూపించాలి. మన జంక్షన్లలో కెమెరాలు పెట్టి, కొలిచి, సరిదిద్దితే తప్ప ఆ రంగుల బొమ్మలను నమ్మలేం.

అలాగని ఇదంతా ఉత్త బొమ్మలాట కాదు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో నగరం నడిబొడ్డుకు వచ్చిపోయే కార్లకు రుసుం పెడితే రద్దీ బాగా తగ్గుతుందని నిపుణులు ముందే లెక్కగట్టారు. జనం నమ్మలేదు. సరే, చూద్దామని 2006 జనవరి నుంచి జులై దాకా ప్రయోగం చేశారు. అంతకు ముందే బస్సులు పెంచారు. రుసుం గీత దాటే వాహనాలు దాదాపు 20 శాతం తగ్గాయి. తేడా కళ్లారా చూశాక, అదే సెప్టెంబరులో నగరవాసులు అనుకూలంగా ఓటేశారు. 2007 ఆగస్టు నుంచి అక్కడ రుసుం శాశ్వతమైంది.