అనుభవం ఉన్నవాడే కావాలట!

కిందటేడు మన వైపు ఒక కాలేజీలో కోచ్ ఎంపిక జరిగితే, ఆటల గురించి నాలుగు ముక్కలు రాస్తుంటానని నన్నూ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. కాలేజీ పేరు చెప్పను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దేనికి తగిలించినా సరిపోయే కథే ఇది.

వచ్చినవాళ్ళు ముగ్గురు. మొదటాయన ఫైలు తలగడంత ఉంది. ప్లాస్టిక్ తొడుగుల్లో సర్టిఫికెట్లు, పేపరు కటింగులు, మంత్రుల పక్కన నిలబడ్డ ఫొటోలు. రెండో ఆయన రిటైరైన మనిషి, అందరికీ తెలిసినవాడే. మూడోవాడు కుర్రాడు. పాటియాలాలో కోచింగ్ డిప్లొమా చేసొచ్చి ఏడాదయిందట. చేతిలో బట్టల కొట్టు కవరు, అందులో రెండు కాగితాలు.

"ఇప్పటిదాకా ఎవర్ని తయారు చేశావు?" అని అడిగారు.

"ఇంకా ఎవులూ అవలేదండి. మా ఊర్లో పదకొండు మంది పిల్లలు పొద్దున్నే వస్తన్నారు. అందులో ఒక గుంటకి మాత్రం..." అంటూ ఏదో చెప్పబోయాడు. ఇంతలో టీలొచ్చాయి. ఆ గుంట సంగతి అక్కడే ఆగిపోయింది.

"కుర్రాడు బాగానే ఉన్నాడు గానీ అనుభవం లేదు కదండీ" అన్నారొకరు. బల్ల చుట్టూ తలలన్నీ ఊగాయి. నాదీ ఊగింది. అప్పట్నుంచి అది నన్ను పీకుతూనే ఉంది.

పేరున్న కోచ్ వస్తే పతకాలొస్తాయని, కొత్తవాడి చేతిలో పెడితే పిల్లల భవిష్యత్తు పాడవుతుందని మనకో గట్టి నమ్మకం. వినడానికి ఎంత సబబుగా ఉందో! ఆపరేషన్‌కి పాత డాక్టరును వెతుక్కుంటాం, కోచ్ విషయంలో మాత్రం ఎందుకు కాదంటారు. నేను కాదంటున్నాను. అందుకు కారణం కూడా మన గడ్డ మీదే ఉంది.

ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. కరణం మల్లీశ్వరి పుట్టింది 1975 జూన్ 1న. పన్నెండేళ్ళ వయసులో బరువులెత్తడం మొదలుపెట్టింది. నేర్పిన గురువు నీలంశెట్టి అప్పన్న. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఆ సంవత్సరం. ఆమెకు పన్నెండేళ్ళు నిండింది 1987లో. ప్రపంచంలో ఆడవాళ్ళకంటూ మొట్టమొదటి వెయిట్‌లిఫ్టింగ్ ప్రపంచ పోటీలు అమెరికాలోని డేటోనా బీచ్‌లో జరిగిందీ ఆ 1987లోనే. ఒలింపిక్స్‌లోకైతే ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ 2000 దాకా రానేలేదు.

అంటే ఆ రోజున మన కమిటీలాంటిది ఒకటి ఆమదాలవలసలో కూర్చుని "ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పి నిరూపించుకున్న కోచ్ కావలెను" అని ప్రకటన వేసి ఉంటే ఏమయ్యేది? దేశం మొత్తం గాలించినా అలాంటి మనిషి దొరకడం గగనమయ్యేది. ఆ అనుభవం అన్నది అప్పుడప్పుడే పుడుతోంది. పుట్టీ పుట్టని దాన్ని దరఖాస్తులో ఏ గడిలో నింపుతారు? అప్పన్న దగ్గర ఉన్నది ఇనుము, ఓపిక, ఎదురుగా నిలబడ్డ పిల్లను చూసే కన్ను. ఆ పిల్ల 1994లో, 1995లో ప్రపంచ విజేత అయింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. స్వర్ణానికి రెండున్నర కిలోలే తక్కువ. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆమే.

"అదంతా సరే, ఆమెను ప్రపంచ స్థాయికి తీసుకెళ్ళింది తరానెంకో కదా" అంటారు వెంటనే. లియొనీద్ తరానెంకో చిన్న మనిషేం కాదు. 1980 మాస్కో ఒలింపిక్ విజేత, 1988లో 266 కిలోలు జర్క్ చేసిన కొండలాంటివాడు. అక్కతో పాటు శిబిరానికి వెళ్ళిన మల్లీశ్వరిని 1990లో ఆయనే గుర్తుపట్టాడని చెబుతారు. నేనూ కాదనను. కానీ కొంచెం ఆగి చూడండి. ఆ తర్వాత రెండేళ్ళకు, 1992 బార్సిలోనాలో ఆయన స్వయంగా బరువులెత్తి రజతం గెలుచుకున్నాడు. ఇంకా పోటీల్లోనే ఉన్న మనిషి. లిఫ్టరుగా ఆకాశమంత, కోచ్‌గా పాత కాపేం కాదు. పైగా ఆయన గుర్తుపట్టడానికి అక్కడొక పిల్ల తయారై నిలబడి ఉండాలి కదా! ఆ నిలబెట్టిన పని ఊళ్ళో జరిగింది. మన కమిటీలు తరానెంకో చేసే పనికి పెట్టాల్సిన కొలతను అప్పన్న చేసే పనికి పెడుతున్నాయి. నా గొడవంతా ఇదే. విత్తు చల్లేవాణ్ణి పట్టుకుని "ఎన్ని బస్తాలు అమ్మావు?" అని అడుగుతున్నాం.

ఇంకా వెనక్కి వెళ్తే మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగాడు. మద్రాసు సైదాపేటలో ఒక్క ఏడాది వ్యాయామ శిక్షణ పొంది, తిరిగొచ్చి తాను చదివిన బడిలోనే డ్రిల్లు మాస్టారయ్యాడు. ఒక్క ఏడాది! ఇప్పుడైతే దరఖాస్తు ఫారమే ఇవ్వరు. శ్రీకాకుళం స్టేడియానికి మాత్రం ఆయన పేరు పెట్టుకుని దాని గేటు దగ్గర అనుభవ ధ్రువపత్రాలు అడుగుతాం.

ఫుట్‌బాల్ సంగతి కావాలంటే హైదరాబాద్ వెళ్ళాలి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ స్కూల్ టీచరు. ఉస్మానియా కాలేజీ రోజుల్లో ఆడినవాడు. 1950లో భారత జట్టు ఆయన చేతికొచ్చింది. 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం. మరుసటేడు హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో ఒకటికి పది గోల్స్‌తో చిత్తుగా ఓటమి. ఈ రోజుల్లో అయితే విమానం దిగేలోపే ఉద్యోగం ఊడేది, వెంటనే "అనుభవజ్ఞుడైన విదేశీ కోచ్" కోసం ప్రకటన వచ్చేది. అప్పుడు అలా జరగలేదు. మన జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తాలో కొరియాను ఓడించి మళ్ళీ స్వర్ణం తెచ్చింది. ఆ పది గోల్స్ రహీమ్‌కు నేర్పినదేదో ఉండే ఉంటుంది. దాన్ని తిరిగి మైదానంలో పెట్టడానికి ఆయనకు ఏళ్ళు దొరికాయి. అనుభవం అంటే ఇదే కదా, ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే గానీ బజారులో కొనుక్కొచ్చేది కాదు.

ఈ మధ్యది చూడండి. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో ఐఎస్‌ఎల్ ట్రోఫీ తెచ్చిన మనోలో మార్కెజ్ నిరూపించుకున్న కోచే. భారత జట్టును అప్పగిస్తే ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్కటే గెలుపు, ఏడాదికే వెళ్ళిపోయాడు. ఆయన చేతకానివాడని నేననడం లేదు. ఒక చోటి అనుభవం ఇంకో చోట చెల్లని నోటవుతుందనడానికి చెబుతున్నాను. మరోవైపు పుల్లెల గోపీచంద్ 2006లో జాతీయ బ్యాడ్మింటన్ కోచ్ అయ్యేనాటికి ముప్ఫై రెండేళ్ళవాడు, ఆటగాడిగా పెద్దపేరే గానీ శిష్యుల జాబితా పొడుగుదేం కాదు. ఆ తర్వాతి కథ మీకు తెలుసు.

అమెరికాలో చదువుతున్న మనవాళ్ళ పిల్లల్ని అడిగితే కాలేజీ ఫుట్‌బాల్ గురించి గంటలు చెబుతారు. మన బంతాట కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే ఆట. అక్కడ కోచ్‌ల జీతాలు వింటే కళ్ళు తిరుగుతాయి. అక్కడా ఇదే జబ్బు. ప్రొఫెషనల్ ఆటలో ఆరు సూపర్‌బౌల్స్ గెలిపించిన బిల్ బెలిచిక్‌ను నార్త్ కరోలినా యూనివర్సిటీ తెచ్చుకుంటే, 2025లో మొదటి సీజన్ నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు. టెక్సాస్ ఏ అండ్ ఎం వాళ్ళు అంతకుముందు వేరే చోట చాంపియన్‌షిప్ గెలిచిన జింబో ఫిషర్‌ను తెచ్చి, 2023లో వదిలించుకోవడానికి 7.5 కోట్ల డాలర్లకు పైగా ఒప్పుకున్నారు. క్లెమ్సన్‌లో 2008లో సీజన్ మధ్యలో కోచ్ వెళ్ళిపోతే, ఎప్పుడూ ప్రధాన కోచ్‌గా చేయని డాబో స్వీనీని తాత్కాలికంగా కూర్చోబెట్టారు. అతను రెండు జాతీయ టైటిళ్ళు తెచ్చాడు. నిక్ సబాన్‌లాంటి పాతకాపు అలబామాకు ఆరు తెచ్చాడనీ చెప్పాలి, లేకపోతే నేనూ కమిటీవాళ్ళలాగే నాకు నచ్చిన కాగితాలే చూపించినట్టవుతుంది.

విజయనగరంలో ఈ వాదన ఎత్తితే మాత్రం ఎవరో ఒకరు విజ్జీ పేరు తీస్తారు. తీయాల్సిందే. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు ఈ విజ్జీయే, అంటే విజయనగరం మహారాజకుమారే, కెప్టెన్. అదే జట్టులో సి.కె.నాయుడు ఉన్నాడు, అంతకుముందు టెస్టుల్లో జట్టును నడిపినవాడు. పేరుకు నాగపూర్ మనిషైనా మన తెలుగింటివాడే. ఆయన్ని పక్కనపెట్టి విజ్జీకి పగ్గాలిచ్చారు. మూడు టెస్టుల్లో విజ్జీ చేసిన పరుగులు మొత్తం 33. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేశారు. సిరీస్ పోయింది. "చూశారా, అనుభవం లేనివాడి చేతిలో పెడితే ఏమైందో!" అంటారు.

విజ్జీకి పగ్గాలిచ్చింది కొత్తవాడికి ఒక అవకాశం ఇద్దామని కాదు. డబ్బూ దర్బారూ ఉన్నాయని ఇచ్చారు. హాబ్స్, సట్‌క్లిఫ్‌లను ఇండియాకు రప్పించి ఆడించిన మనిషి, క్రికెట్ మీద ప్రేమ లేదనడం అన్యాయం. కానీ అక్కడ చెల్లింది పలుకుబడి. మన ఇంటర్వ్యూ గదిలో తలగడంత ఫైలు చేసే పనీ అదే. మంత్రి పక్కన ఫొటోకు, మహారాజా పక్కన కుర్చీకి నాకు పెద్ద తేడా కనపడదు. విజ్జీ కథ బట్టల కొట్టు కవరు తెచ్చిన కుర్రాడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పదు, మొదటాయనకు వ్యతిరేకంగా చెబుతుంది.

మరి కమిటీలు అంత తెలివితక్కువవా? కాదు, మహా తెలివైనవి. పేరున్నవాణ్ణి పెట్టి ఓడిపోతే ఎవరూ అడగరు. "అంత పెద్దాయనే చెయ్యలేకపోయాడు, పిల్లల్లోనే సత్తా లేదు" అనేయవచ్చు. కొత్తవాణ్ణి పెట్టి ఓడితే సంతకం పెట్టినవాడి మెడకు చుట్టుకుంటుంది. అనుభవం అన్న గడి కోచ్ కోసం కాదు, సంతకం కోసం. ఊళ్ళోవాడైతే మరీ చులకన. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనం సామెతే కట్టుకున్నాం.

ఒక్క అభ్యంతరం దగ్గర మాత్రం నేను తడబడతాను. దెబ్బలు. బరువులాటలో నడుం వంగిన పిల్ల మీద తొందరపడి ఐదు కిలోలు పెంచితే ఆ నొప్పి పెళ్ళయ్యాక కూడా వదలదు. కొత్త కోచ్‌కు తొందర ఎక్కువ, త్వరగా ఏదో చూపించాలన్న ఆరాటం. నిజమే. దానికి మందు వాణ్ణి తిప్పి పంపడం కాదు, నెలకోసారైనా ఆ రిటైరైన పెద్దాయన్ని పిలిచి వెనక నిలబెట్టడం, పదకొండు నెలల కాంట్రాక్టు బదులు మూడేళ్ళు ఇవ్వడం. పదకొండు నెలల్లో ఎవడైనా తొందరే పడతాడు. ఆ మాట గదిలో నేను అనలేదు.

మొదటాయన చేరారు. వారానికి రెండు రోజులు కనపడతారని విన్నాను.

గుంట సంగతి తెలుసుకుందామని సంక్రాంతి దాటాక ఆ కుర్రాడి ఊరెళ్ళాను. నెల్లిమర్ల వైపు. ఆ మండలంలోనే కొండవెలగాడ ఉంది, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషి ఊరు. ఆ చుట్టుపక్కల పిల్లలకు రాడ్డు కొత్త వస్తువేం కాదు. రేకుల షెడ్డు, ఇంకా మంచు వీడలేదు. గోడకు సుద్ద చేతుల గుర్తులు. పిల్లలంతా ఇనుము చుట్టూ ఉంటే ఒక పద్నాలుగేళ్ళ పిల్ల మాత్రం వెదురు కర్ర పట్టుకుని నిలబడి ఉంది. కుర్రాడు ఆమె ఎదురుగా నేల మీద బోర్లా పడుకుని ఆమె కాళ్ళకేసి చూస్తున్నాడు.

"ఈ గుంటేనండి. అడుక్కి దిగినప్పుడు మడమలు లేచిపోతన్నాయి. బలం లేదేమో అనుకున్నాను. చూడగా చూడగా చీలమండే వంగదని తెలిసింది."

లిఫ్టింగ్ బూట్ల మడమలు గట్టిగా, ఎత్తుగా ఉంటాయి. అవి కొనే స్తోమత ఆ ఇంట్లో లేదు. మామిడి చెక్కను చెక్కి రెండు ముక్కలు చేశాడు, ముందు సన్నం, వెనక వేలెడు మందం. వాటిని ఆమె మడమల కింద తోసి, కొంచెం వెనక్కి జరిపి, మళ్ళీ పడుకున్నాడు.

"దిగమ్మా."

ఆ పిల్ల కర్ర పైకెత్తి మెల్లగా దిగింది. మడమలు చెక్క మీంచి కదల్లేదు.

"ఇనుము ఎప్పుడిస్తావు సార్?" అంది లేవకుండానే.

"ముందు నలభైసార్లు దిగు."