ఆటగాడి మోకాలు, మన చేతివేళ్ళు



అదియమాన్‌కోట్టై కూడలిలోని టీ బంకు దగ్గర రాత్రి షిఫ్టు దిగినవాళ్ళూ పగటి షిఫ్టుకు పోయేవాళ్ళూ ఒక పావుగంట కలుసుకుంటారు. అక్కడ నలగని విషయం ఉండదు. పోయిన నెల ఒకనాడు మాట ఫుట్‌బాల్ మీదికి మళ్ళింది. బ్రెజిల్ ఆటగాడు నెయ్‌మార్ 2023 అక్టోబరులో ఉరుగ్వే జట్టు మీద ఆడుతూ ఎడమ మోకాలి లిగమెంటు తెంచుకుని, ఏడాదిపాటు మైదానం మొహం చూడలేదు. దాని మీద మనవాళ్ళ తీర్పులు వినవలసిందే. "కోట్లు తీసుకుని మంచం మీద పడుకుంటే వాడికేం నష్టం?" అని ఒకరు. "ఆటలోకి దిగేటప్పుడు దెబ్బ తగులుతుందని తెలియదా?" అని ఇంకొకరు. 'మైదాన్' సినిమా చూసిన ఒక పెద్దాయన, "ఆ కాలంలో తలకు కుట్లు వేయించుకుని కూడా ఆడారయ్యా, ఇప్పుడు అందరూ సుకుమారులే" అన్నాడు. అందరం నవ్వాము. మేమూ నవ్వాము.

టీ గ్లాసులు ఖాళీ కాకముందే మాట మన తమ్ముడి మీదికి వచ్చింది. అదే బల్ల, అవే నోళ్ళు. "వాడు జాగ్రత్తగా ఉండాల్సింది. మిషను తిరుగుతుంటే ఎవడైనా చెయ్యి పెడతాడా?" అన్నారు. ఈసారి మాకు నవ్వు రాలేదు.

సంగతి తెలియనివారి కోసం చెబుతున్నాం. మన ప్రాంతంలోని ఒక స్పిన్నింగ్ మిల్లులో, రాత్రి షిఫ్టులో, కార్డింగ్ మిషనుకు చుట్టుకున్న దూది తీయబోయి ఒక కుర్రవాడు కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ పోగొట్టుకున్నాడు. వ్యవహారం నడుస్తోంది కనుక మిల్లు పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ డిపార్టుమెంటులో పనిచేసినవాళ్ళకు తెలుసు: మిషను ఆపితే ప్రొడక్షన్ ఎందుకు తగ్గిందని సంజాయిషీ, ఆపకుండా చెయ్యి పెడితే నిర్లక్ష్యం. ఆస్పత్రి నుంచి వచ్చిన నాలుగో రోజున ఆ తమ్ముడి ముందు ఒక కాగితం పెట్టారు. రక్షణ మూత తానే తీశానని, తప్పు తనదేనని అందులో ఉంది. కుడిచెయ్యి కట్టులో ఉంది కనుక ఎడమచేతి బొటనవేలి ముద్ర వేయించుకున్నారు. పైగా అతను ట్రైనీ అట, కార్మికుడు కాదట. ఇ.ఎస్.ఐ. కార్డు కూడా ఇవ్వలేదు.

ఇలాంటి కాగితం మాకు కొత్త కాదు. 1994లో మేమూ ఒకదాని మీద సంతకం పెట్టాము, వేరే మిల్లులో. గాయం చిన్నదే, కాని తప్పు మాదేనని చాలా ఏళ్ళు నిజంగానే నమ్మాము. ఎవరూ బలవంతపెట్టి నమ్మించలేదు. చుట్టూ ఉన్న కార్మికులందరూ అదే మాట అంటుంటే నమ్మక చస్తామా?

అందుకే ఫుట్‌బాల్ సంగతి కొంత వివరంగా రాయాలనిపించింది. సంఘం పత్రికలో ఆటల గోల ఏమిటని విసుక్కోకండి.

"వాడు కార్మికుడు కాదు" అనే వాదన మన మిల్లులో పుట్టలేదు. ఇంగ్లండులో క్రిస్టల్ ప్యాలెస్ అనే క్లబ్బుకు వాకర్ అనే ఆటగాడు వారానికి మూడున్నర పౌన్ల జీతం మీద ఆడేవాడు. 1908లో మోకాలు చెడింది. 1906 నాటి కార్మిక నష్టపరిహార చట్టం కింద పరిహారం అడిగాడు. ఇతను వర్క్‌మన్ కాడు, తన సొంత నేర్పుతో ఆడుకునేవాడు, మైదానంలో ఎలా ఆడాలో మేము శాసించలేము కదా అని క్లబ్బు వాదించింది. అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. ఎప్పుడు శిక్షణకు రావాలో, ఎవరి ఆదేశాలు పాటించాలో క్లబ్బే నిర్ణయిస్తుంది, జీతం క్లబ్బే ఇస్తుంది, కనుక అతను కార్మికుడే అని తీర్పు చెప్పింది. 1910 లా రిపోర్టులలో ఆ తీర్పు ఉంది. కోటు వేసుకున్న జడ్జీలకు అర్థమైన సంగతి మన టీ బంకులో అర్థం కాకపోవడమేమిటి?

ఆ తీర్పు వెనుక సంఘం ఉంది. 1907 డిసెంబరులో మాంచెస్టర్‌లో ఆటగాళ్ళు యూనియన్ పెట్టుకున్నారు. మాంచెస్టర్ అంటే ఏమిటో నూలు మిల్లువాళ్ళకు మేము చెప్పాలా? ఆ యూనియన్ పెట్టినవారిలో ముఖ్యుడు బిల్లీ మెరిడిత్, చిన్నతనంలోనే వేల్స్ బొగ్గు గనిలో దిగినవాడు. ఆ ఏడాదే వసంతకాలంలో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు థామస్ బ్లాక్‌స్టాక్ రిజర్వు జట్టు మ్యాచ్‌లో బంతిని తలతో కొట్టి, కూలిపోయి చనిపోయాడు. సహజ కారణాల వల్ల మరణమని విచారణలో రాసేశారు. మెరిడిత్ బృందం అడిగినవాటిలో దెబ్బతిన్న ఆటగాడికి నష్టపరిహార చట్టం వర్తించాలన్నది ఒకటి. 1909లో, యూనియన్ వదలకపోతే ఆడనివ్వమని ఫుట్‌బాల్ అసోసియేషన్ బెదిరించింది. మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్ళు మాత్రం వదలలేదు.

కోట్ల మాటకు వద్దాం. నెయ్‌మార్‌కు కోట్లు వస్తాయి, నిజమే. ఇంకొకటి కూడా తెలుసుకోండి. జాతీయ జట్టుకు ఆడుతూ ఆటగాడు చాలాకాలం పనికిరాకుండా పోతే, అతని జీతాన్ని క్లబ్బుకు ఒక పరిమితి వరకు చెల్లించే పథకాన్ని ఫిఫా 2012 నుంచి నడుపుతోంది. మిల్లులో మిషను కాలిపోతే యజమానికి ఇన్సూరెన్సు వచ్చినట్టు. కాని ఆ భద్రత కొద్దిమందికే. మన హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. రెండేళ్ళు తిరక్కముందే జీతాల బకాయిలతో ఆటగాళ్ళు జట్టు వదిలిపోయారు. పక్కన బెంగళూరులో 2004 డిసెంబరు 5న ఫెడరేషన్ కప్ ఫైనల్‌లో డెంపో జట్టు బ్రెజిల్ ఆటగాడు క్రిస్టియానో జూనియర్ గోల్‌కీపరును ఢీకొని చనిపోయాడు. ఏడేళ్ళ తర్వాత, 2012 మార్చిలో, అదే నగరంలో ఒక జిల్లా లీగ్ మ్యాచ్‌లో ఆటగాడు కూలిపోతే మైదానంలో అంబులెన్స్ లేదు. ఆటోలో వేసుకుపోయారు. ప్రాణం దక్కలేదు. మన తమ్ముణ్ణి కూడా ఆ రాత్రి ఆటోలోనే తీసుకుపోయారు, వేళ్ళను ఒక ప్లాస్టిక్ కవరులో వేసి.

ఇక పెద్దాయన చెప్పిన కుట్ల సంగతి. అది నిజం. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. దక్షిణ కొరియా మీద మనవాళ్ళు 2-1తో గెలిచారు. తల పగిలి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్ ఒక గోలు కొట్టాడు. కోచ్ మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన అప్పటికే క్యాన్సర్ రోగి, మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. ఆ ధైర్యానికి మేము చేతులెత్తి దణ్ణం పెడతాం. కాని పెద్దాయన చెప్పని పేరు ఒకటుంది. అదే జట్టులో సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం ఆడాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో గోల్స్ కొట్టినవాడు. జకార్తా బంగారు పతకం వచ్చిన మరుసటి ఏడాదే, ముప్పై కూడా నిండకుండా, ప్లూరిసీ అనే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానుకోవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశాడు. పద్మ పురస్కారం కూడా దక్కలేదు. కట్టు కట్టుకుని ఆడినవాడి కథ సినిమాకు ఎక్కింది, ఊపిరి ఆడక ఇంటికి పోయినవాడి కథ ఎంతమందికి తెలుసు? బ్లోరూంలో ఇరవై ఏళ్ళు దూది దుమ్ము మింగి, సోమవారం వస్తే ఛాతీ పట్టేసే మన పాత కార్మికులను అడగండి, ఏ కథ వాళ్ళదో.

ఇందులో రాజకీయం ఎక్కడుందని అడుగుతారు. ఉంది. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే వేరే ఆట, తలలూ భుజాలూ ఢీకొట్టుకునే ఆట. ఆ దెబ్బలకు మెదడు చెడి, నలభై యాభై ఏళ్ళకే మతి తప్పినవారు అనేకులు. 2016 అక్టోబరులో ఫ్లోరిడా ఎన్నికల సభలో సొమ్మసిల్లిన ఒకామె తిరిగి సభకు వస్తే, డొనాల్డ్ ట్రంప్ ఆమెను మెచ్చుకుంటూ, ఇప్పుడు ఫుట్‌బాల్‌లో తలకు చిన్న దెబ్బ తగిలినా ఆడనివ్వడం లేదని ఎగతాళి చేశారు. అధ్యక్షుడయ్యాక 2017 సెప్టెంబరులో అలబామాలో, గట్టిగా ఢీకొడితే శిక్ష వేస్తూ ఆటను పాడు చేస్తున్నారని అన్నారు. ఆ సభలో చప్పట్లు కొట్టినవాళ్ళలో కూలి చేసుకుని బతికేవాళ్ళు లేరనుకోకండి. మన టీ బంకులో నవ్వినవాళ్ళలాగే వాళ్ళూ కొట్టారు. దెబ్బ తగిలినవాడు సుకుమారుడు, నియమం అడిగేవాడు ఆట చెడగొట్టేవాడు. ఈ మాట ముందు మైదానానికి, తర్వాత ఫ్యాక్టరీకి వస్తుంది.

అదే ఆటలో పరిహారం ఎలా లెక్కకట్టారో కూడా చెప్పాలి. లీగుకూ మాజీ ఆటగాళ్ళకూ 2015లో కోర్టు ఆమోదించిన ఒప్పందం కింద మెదడు దెబ్బలకు డబ్బు ఇచ్చారు. నల్లజాతి ఆటగాడి తెలివి మొదటినుంచే తక్కువ అనే ఊహతో లెక్కకట్టే పద్ధతి దానిలో ఉండేది. తగ్గడానికి మొదట తక్కువే ఉంది కనుక నష్టం తక్కువ అని! గొడవ జరిగాక, 2021లో గాని దాన్ని వదులుతామని ఒప్పుకోలేదు. శాతాల లెక్క వేసేచోట ఎవరు కూర్చుంటారన్నది చిన్న విషయం కాదు.

మితవాదులందరూ ఒకటేనని మేము అనడం లేదు. జర్మనీలో 1884లో ప్రమాద బీమా చట్టం తెచ్చినవాడు బిస్మార్క్, సోషలిస్టుల పార్టీని నిషేధించిన మనిషి. ఇంగ్లండులో 1897 నష్టపరిహార చట్టం కూడా కన్సర్వేటివ్ సాలిస్‌బరీ ప్రభుత్వంలోనే వచ్చింది. మంచి చట్టాలే. వాళ్ళు ఇచ్చారు, మన పెద్దలు తీసుకున్నారు, తప్పేమీ లేదు. తేడా ఎక్కడంటే, ఇచ్చేటప్పుడు దయ అంటారు, అడిగితే ధిక్కారం అంటారు. మన ఊరు పేరే అదియమాన్ పేరు. ఆయుష్షు పెంచే ఉసిరికాయను తాను తినకుండా అవ్వయ్యారుకు ఇచ్చిన దొర. గొప్ప కథ, పిల్లలకు చెబుతాం. కాని తెగిన వేళ్ళకు రావలసింది ఉసిరికాయ కాదు.

ఏం రావాలో చెబుతాం, వినండి. 1923 నష్టపరిహార చట్టం ప్రకారం అజాగ్రత్త ఒక్కటే పరిహారం ఎగ్గొట్టడానికి చాలదు. మత్తులో ఉండాలి, లేదా భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించాలి, లేదా రక్షణ మూతను కావాలని తీసెయ్యాలి. ఈ మూడే. అందుకే ఆ కాగితంలో "మూత నేనే తీశాను" అని రాయించారు. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోకి కూడా ఈ నియమమే వచ్చింది. 1948 ఇ.ఎస్.ఐ. చట్టం ఇంకా ముందుకు పోయింది: యజమాని పని కోసం చేస్తుండగా జరిగితే, నియమం తప్పినా అది పనిలో జరిగిన ప్రమాదమే. యజమాని చందా కట్టలేదన్న కారణంతో కార్మికుడికి హక్కు పోదు. కార్పొరేషన్ సొమ్ము ఇచ్చి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. ట్రైనీ అన్నంత మాత్రాన కూడా పోదు. నిజంగా 1961 అప్రెంటిస్ చట్టం కింద చేరినవాడైనా, శిక్షణలో గాయపడితే పరిహారం ఇవ్వాలని ఆ చట్టమే చెప్పింది. ఒకే చేతి రెండు వేళ్ళు పోతే సంపాదన శక్తిలో 20 శాతం నష్టమని షెడ్యూలులో ఉంది. నూలు పోగు అతికేది ఆ రెండు వేళ్ళతోనే అన్న సంగతి షెడ్యూలుకు తెలియదు, అది వేరే మాట.

ఆ రాత్రి కార్డింగ్‌లో అతనితోపాటు నలుగురు ఉన్నారు. మూత నెల రోజులుగా అక్కడ లేదని ఇద్దరు మాతో చెప్పారు, ఎక్కడైనా చెబుతామన్నారు. మిగిలిన ఇద్దరు ఎవరో మాకు తెలుసు, ఎందుకు వెనకాడుతున్నారో కూడా తెలుసు. ఒకరి చెల్లెలు అదే మిల్లు హాస్టల్లో ఉంటోంది. వాళ్ళ మీద మాకు కోపం లేదు. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు సంఘం ఆఫీసులో ఆ తమ్ముడూ వాళ్ళ అమ్మగారూ ఉంటారు. సంతకం సంగతి తర్వాత చూద్దాం, ముందు వచ్చి అతనితో కూర్చోండి. ఆ పెద్దాయన కూడా వస్తానన్నాడు.